తోట ఇళ్లకు ఎండ దెబ్బ... సౌర ఫలకం కన్నా ముందు పైకప్పు!

రాయితీలన్నీ ఫలకాలకే.. రేకుల కొట్టాల ఊసెత్తని పథకాలు

కాణిపాకం: వరసిద్ధి వినాయకుని ఆలయ పరిసరాల్లో విద్యుద్దీపాలు తెల్లవార్లూ వెలుగుతుంటాయి. బాహుదా నది దాటి ఇరాల మండలంలోని మామిడి తోటల దారి పడితే మాత్రం దృశ్యం వేరు. పల్లెకు దూరంగా తోటల్లోనే కాపురముంటున్న రైతులు, కౌలుదారులు, కాపలా కుటుంబాల ఇళ్లలో చీకటి పడితే చార్జింగ్ దీపమే గతి. వీరిలో కొందరి ఇంటికి విద్యుత్ స్తంభమే చేరలేదు. మరికొందరి పరిస్థితి విచిత్రం. తోటలో బోరు ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, తీగ తలపైనుంచే పోతుంది. అయినా రాత్రి పూట కరెంటు ఉండదు. వ్యవసాయ ఫీడర్లను గృహ ఫీడర్ల నుంచి వేరుచేసి పగటిపూట 9 గంటల ఉచిత విద్యుత్ ఇచ్చే విధానమే దీనికి కారణం. పగటి సరఫరా పైరుకు మేలే చేసింది. రాత్రివేళ నీళ్లు కట్టేందుకు వెళ్లి పాము కాట్లకు, విద్యుదాఘాతాలకు గురయ్యే దుస్థితి రైతుకు తగ్గింది. కానీ తోటలోనే పడుకునే మనిషికి, ఫ్యాను అవసరమైన వేళకే తీగ మూగబోతుంది. పైగా బోరుకిచ్చిన సర్వీసును ఇంటికి వాడుకోవడం నిబంధనలకు విరుద్ధం. ప్రత్యేకంగా గృహ కనెక్షన్ కావాలంటే స్తంభాలు, తీగల ఖర్చును దరఖాస్తుదారే భరించాలి. నాలుగైదు స్తంభాలు వేయాల్సి వస్తే సన్నకారు రైతు వెనకడుగు వేయక తప్పడం లేదు.

ఊళ్లన్నీ విద్యుదీకరణ పూర్తయిన జాబితాలో చేరిన ఈ రోజుల్లో గ్రిడ్‌కు ఆవల కాపురాలు ఇంకా ఉన్నాయంటే పట్టణవాసులకు నమ్మశక్యం కాకపోవచ్చు. లెక్కల్లో ఊరు యూనిట్. ఊరి పొలిమేర దాటిన తోట ఇల్లు ఆ లెక్కకు అందదు. ఏప్రిల్ నుంచి తోతాపురి కోతలు ముగిసే వరకు కాపు కాయాల్సిన కుటుంబాలు చంటిపిల్లలతో, వృద్ధులతో సహా ఈ ఇళ్లలోనే గడుపుతాయి. జిల్లాలో ఎండలు 40 డిగ్రీలు దాటేదీ అప్పుడే.

ఎండను తేలికగా తీసుకునే కాలం పోయింది. 2003 వేసవిలో రాష్ట్రంలో వడగాడ్పులు భారీగా ప్రాణాలు తీశాయి. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. మృతుల్లో అధికులు పేదలు, కూలీలు, వృద్ధులే కావడం గమనార్హం. వడదెబ్బ అనగానే పొలంలో ఎండకు పడిపోయిన మనిషే అందరికీ గుర్తుకొస్తాడు. పగలంతా ఎండలో పనిచేసిన శరీరానికి రాత్రి చల్లబడే అవకాశం లేకపోతే మరుసటి రోజు ఎండ మరింత ప్రమాదకరమవుతుందన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. కనుక రాత్రి నిద్రపట్టని ఇల్లు కేవలం అసౌకర్యం కాదు, ప్రాణాపాయం కూడా.

మిద్దె పోయి.. రేకు వచ్చె

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు వంటివి వచ్చి ఇందులో కలిశాయి. అందుకే ఇక్కడి పాత ఇళ్లలోనూ రెండు సంప్రదాయాలు కనిపిస్తాయి. పడమటి మండలాల్లో రాయలసీమ పద్ధతి మట్టి మిద్దెలు. దూలాలపై దంతెలు పేర్చి, పైన కట్టెలో రాతి బండలో పరిచి, ఆకు వేసి, అడుగు మందాన మన్ను కొట్టి, నీరు దిగకుండా చవుడు పోసేవారు. తూర్పున, పాత ఆర్కాటు ప్రాంతంలోని కలిగిన ఇళ్లకు మద్రాసు టెర్రస్ కప్పు ఉండేది. టేకు దూలాలపై సన్నటి ఇటుకలను సున్నంతో నిలువుగా పేర్చి కట్టే పద్ధతి అది. ఆ సున్నంలో బెల్లపు నీళ్లు, కరక్కాయ రసం కలిపేవారు. బెల్లానికి పేరుపడ్డ జిల్లాలో అందుకు కొరత ఉండేది కాదు. పేదవారికి బోద కొట్టం లేదా చెరకు ఆకు కప్పిన పూరిల్లు.

ఈ కప్పులన్నిటిలో ఉమ్మడి గుణం ఒకటుంది. వేడిని ఆలస్యం చేయడమో, అడ్డుకోవడమో చేస్తాయి. అడుగున్నర మందం గల మట్టి గోడ బయట మధ్యాహ్నం పడిన వేడిని లోపలి ముఖానికి చేర్చేందుకు 12 గంటలకు పైగా తీసుకుంటుంది. అంటే మధ్యాహ్నపు వేడి లోపలికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటి బయటి గాలి చల్లబడి ఉంటుంది. తలుపులు, గవాక్షాలు తెరిస్తే ఆ వేడి బయటకు పోతుంది. బోద, చెరకు ఆకు పని తీరు వేరు. వాటి మధ్య చిక్కుకున్న గాలే వేడికి అడ్డుగోడ.

నాలుగు అంగుళాల కాంక్రీటు స్లాబుకు ఈ రెండు గుణాలూ లేవు. అది వేడిని మూడు గంటల్లోనే లోపలికి దించేస్తుంది. మధ్యాహ్నం మింగిన ఎండను సరిగ్గా జనం ఇంటికి చేరే సంధ్యవేళ నుంచి కక్కడం మొదలుపెడుతుంది. రేకు సంగతి చెప్పనక్కర లేదు. మే నెల మిట్ట మధ్యాహ్నం ఇనుప రేకు 60 డిగ్రీలు దాటి కాలుతుంది. కింద పడుకున్న మనిషిని వేధించేది వేడి గాలి మాత్రమే కాదు, రేకు నుంచి నేరుగా ఒంటిపై పడే సెగ కూడా. ఫ్యాను గాలిని కదిలించగలదు గానీ ఆ సెగను ఆపలేదు. రాత్రయితే రేకు త్వరగా చల్లబడుతుందన్నది నిజమే. అందుకే రేకుల ఇంట్లో పగటి నరకం, స్లాబు ఇంట్లో రాత్రి నరకం అన్నట్లుంటుంది పరిస్థితి.

అలాగని మట్టి మిద్దెను మోసేసి లాభం లేదు. ఏటా చవుడు పోయాలి, చెదలు చూసుకోవాలి, తేళ్లతో సహజీవనం చేయాలి. ఈ పనులన్నీ చేసే ఉమ్మడి కుటుంబాలూ, తీరిక గల మనుషులూ ఇప్పుడు లేరు. 2021 నవంబరులో చిత్తూరు, కడప జిల్లాల్లో కురిసిన కుండపోతకు పాత మట్టి గోడలు నిలవలేకపోయాయి. సహకార చక్కెర కర్మాగారాలు మూతపడి చెరకు సాగు తగ్గాక కప్పుకు ఆకు దొరకడమూ కష్టమైంది. ఎండుటాకు కప్పుకు నిప్పు భయం ఎలాగూ ఉంది. రైతు స్లాబు వైపు, స్థోమత లేనివారు రేకు వైపు మొగ్గడంలో తప్పుపట్టేందుకేమీ లేదు. పాత కప్పు చేసిపెడుతున్న పనిని కొత్త కప్పుతో ఎలా చేయించాలన్నదే ఎవరూ ఆలోచించలేదు. ఆ ఖాళీలోకి ఫ్యాను, కూలరు, ఏసీ వచ్చాయి. కరెంటున్న ఊళ్లో బిల్లు కట్టి నెట్టుకొస్తున్నారు. కరెంటు లేని తోటలో ఆ దారీ లేదు.

బ్యాటరీ లెక్క తప్పితే అప్పే మిగులు

ఈ నేపథ్యంలోనే తోట ఇళ్లకు సౌర ఫలకాల గిరాకీ పెరిగింది. ఫలకాలు బిగిస్తే ఏసీ కూడా వేసుకోవచ్చని అమ్మకందారులు ఊరిస్తుంటే, అప్పు చేసైనా కొనేందుకు సిద్ధపడేవారున్నారు. సంతకం పెట్టే ముందు కాగితంపై చిన్న లెక్క వేసుకోవడం మంచిది.

ఇళ్లలో ఇన్వర్టరుకు వాడే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో నిలువ ఉండే విద్యుత్తు 1.8 యూనిట్లు. సీసపు బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చెడిపోతుంది. కాబట్టి చేతికందేది 0.9 యూనిట్ మాత్రమే. టన్ను సామర్థ్యం గల ఏసీ ఒక రాత్రికి, మధ్యమధ్యలో ఆగుతూ నడిచినా, 5 నుంచి 6 యూనిట్లు తాగేస్తుంది. అంటే ఒక్క గదిని చల్లబరచేందుకు ఆరేడు బ్యాటరీలు, వాటిని మర్నాడు నింపేందుకు సుమారు 2 కిలోవాట్ల ఫలకాలు కావాలి. కొన్నేళ్లకోసారి ఆ బ్యాటరీలన్నిటినీ మార్చాలి. తోతాపురి ధర పడిపోయిన ఏడాది ఈ ఖర్చు తలకెత్తుకోగల సన్నకారు రైతు ఎవరన్నది ప్రశ్నార్థకమే.

ఫ్యాన్ల విషయంలోనూ తేడా ఉంది. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. రెండు ఫ్యాన్లు పది గంటలు తిరిగితే ఒకటిన్నర యూనిట్. ఒక బ్యాటరీ చాలదు. బీఎల్‌డీసీ మోటారు గల ఫ్యాను దాదాపు 30 వాట్లతో అంతే గాలినిస్తుంది. రెండు ఫ్యాన్లకు పది గంటలకు 0.6 యూనిట్. మూడు ఎల్‌ఈడీ దీపాలు, సెల్‌ఫోన్ చార్జింగ్ కలుపుకొన్నా ఒక్క బ్యాటరీ, 330 వాట్ల ఫలకం ఒకటి సరిపోతాయి. ఫ్యాను ధర ఎక్కువన్న నెపంతో పాతదే బిగిస్తే, మిగిలిన డబ్బు రెండో బ్యాటరీకి రెండింతలై పోతుంది. గ్రిడ్ లేని ఇంట్లో వాట్లు ఆదా చేయడమే అన్నిటికన్నా చౌక విద్యుత్తు.

ఎండ ఎంత ఎక్కువైతే ఫలకం అంత ఎక్కువ కరెంటు ఇస్తుందన్న అపోహ కూడా ఉంది. ఫలకానికి కావలసింది వెలుతురు, వేడి కాదు. దాని సామర్థ్యాన్ని 25 డిగ్రీల వద్ద లెక్కగడతారు. మే నెలలో ఫలకం 60 డిగ్రీలు దాటితే ఉత్పత్తి ఏడింట ఒక వంతు దాకా పడిపోతుంది. ఇక సీసపు బ్యాటరీ 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షులో సగం కోల్పోతుంది. అయినా బ్యాటరీని రేకు కింద, పడమటి గోడకు ఆనించి పెట్టేవారు కోకొల్లలు. ఇంట్లో మనుషులకు చల్లటి మూల ఏదో బ్యాటరీకీ అదే తగిన చోటు.

ఈ లెక్కలన్నీ చివరకు పైకప్పు వద్దకే చేరుతాయి. కప్పు కాలుతున్నంత కాలం కింద ఎన్ని యూనిట్లు ఖర్చుపెట్టినా చిల్లికుండలో నీళ్లు పోసినట్లే.

సున్నం, సొరపాదు, పందిరి

కప్పును కాలకుండా చూసే మార్గాలు ఖరీదైనవి కావు. అన్నిటికన్నా ముందు సున్నం. బూడిద రంగు కాంక్రీటు తనపై పడిన ఎండలో మూడింట ఒక వంతును కూడా తిప్పికొట్టలేదు. కొత్తగా సున్నం కొట్టిన కప్పు 70 శాతానికి పైగా తిప్పికొడుతుంది. దానివల్ల కప్పు పైభాగం వేడి పది డిగ్రీలకు మించి, గదిలోని వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల వరకు తగ్గుతున్నట్లు పలుచోట్ల చేసిన పరిశీలనల్లో తేలింది. సున్నానికి గంజో, జిగురో కలిపి రెండు పూతలు వేస్తే త్వరగా రాలిపోదు. అయినా వానలకు కొట్టుకుపోతుంది, దుమ్ముకు మాసిపోతుంది. కనుక ఏటా వేయాల్సిందే. శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోతుందంటారు. ఆ వారంలోనే ఈ పని ముగించుకుంటే వేసవి మొత్తం కలిసొస్తుంది. బజారులో దొరికే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్లు కొన్నేళ్లు నిలుస్తాయి గానీ ఖరీదెక్కువ.

రేకుకు సున్నం అంతగా పట్టదు. అక్కడ పని చేసేది నీడ. రేకుపై జానెడు ఎత్తున కర్రలు కట్టి కొబ్బరాకులో, పచ్చ వలో పరిస్తే ఎండ రేకును తాకదు. మధ్యలో గాలి ఆడుతుంది. ఆకును నేరుగా రేకుపై వేసేవారున్నారు. దానివల్ల ఉపయోగం కొంతే, వానకు తడిసి రేకు తుప్పు పడుతుంది. పల్లెల్లో పెద్దలకు తెలిసిన మరో విద్య సొరపాదు. ఇంటి వెనక వాడుక నీరు పోయే చోట విత్తు వేసి తీగను కప్పుపైకి పాకిస్తే, ఎండలు ముదిరేసరికి ఆకు పరుచుకుంటుంది. మాఘంలో విత్తుకోవాలి, ఆలస్యమైతే తీగకన్నా ఎండే ముందు కప్పెక్కుతుంది. కోతుల బెడదున్న తోటల్లో దీనిపై పెద్దగా ఆశలు పెట్టుకోలేం. కాణిపాకం చుట్టుపక్కల ఆ బెడద తక్కువేమీ కాదు.

లోపలి వైపు వెదురు తడకతోనో, చాపతోనో, తెల్ల గుడ్డతోనో దొంగకప్పు కట్టుకోవడం మరో మార్గం. రేకు సెగ నేరుగా ఒంటిపై పడకుండా అది కాపాడుతుంది. కప్పు తర్వాతి స్థానం పడమటి గోడది. సాయంత్రపు ఎండ దానిపైనే పడుతుంది. అటు వసారా దించినా, కానుగ చెట్టు పెంచినా గోడ కాలదు. ఎదురెదురుగా కిటికీలు లేని గదిలో మాత్రం ఏ ఉపాయమూ పూర్తిగా పారదు.

కిటికీ తెరిచే వేళపైనా పట్టింపు అవసరం. ఉక్కపోస్తోందని మధ్యాహ్నం తలుపులు బార్లా తెరవడం చాలా ఇళ్లలో అలవాటు. 41 డిగ్రీల గాలిని ఇంట్లోకి ఆహ్వానించినట్లే అది. పొడి వాతావరణం గల మన జిల్లాలో పగటికీ రాత్రికీ వేసవిలో 12 డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. ఉదయం ఎనిమిదిన్నర లోపు మూసి, సాయంత్రం బయటి గాలి చల్లబడ్డాక తెరిచి, తెల్లవార్లూ అలాగే ఉంచితే గోడలు చల్లదనాన్ని దాచుకుంటాయి. దొంగల భయం, దోమల బాధ లేకుండా రాత్రి తెరిచి ఉంచాలంటే కిటికీకి ఇనుప చువ్వలు, దోమల జాలీ తప్పనిసరి. చల్లదనం గురించి మాట్లాడే ఏ పథకంలోనూ ఈ రెండింటి ప్రస్తావన ఉండదు.

కూలరుకు నీరేదీ?

పొడి గాలి ఉన్న చోట కూలరు బాగా పనిచేస్తుంది. లీటరు నీరు ఆవిరైతే గాలి నుంచి దాదాపు 0.67 యూనిట్ల వేడిని లాగేసుకుంటుంది. కూజాలో నీరు చల్లబడేదీ ఈ సూత్రంతోనే. వంద వాట్ల మోటారుతో కూలరు చేసే పనికి ఏసీకి వెయ్యి వాట్లు కావాలి. ఆ మేరకు గ్రిడ్ లేని ఇంటికి కూలరే తగినది. అయితే రాత్రంతా నడిచే మధ్య రకం కూలరు 60 నుంచి 100 లీటర్ల నీటిని తాగుతుంది. వేసవిలో ఒక సంకర జాతి పాడి ఆవుకు కావలసిన నీరూ ఇంచుమించు అంతే. వెయ్యి అడుగులు తవ్వినా బోరులో నీరు కానరాని తావులున్న జిల్లా ఇది. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంట్లో కూలరా, ఆవా అన్న ప్రశ్న వస్తే జవాబు వెతుక్కోనవసరం లేదు. పాల బిల్లే ఆ ఇంటికి ఆధారం.

నీటి ఊటతో వెలసిన స్వామి అని, కాణి అంటే తడి పొలమని, పాకం అంటే నీరు పారడమని ఈ ఊరి పేరుకు అర్థం చెబుతారు. ముగ్గురు సోదరులు ఎండిన బావిని లోతు చేస్తుండగా స్వామి విగ్రహం బయటపడిందని స్థలపురాణం. ఆ బావి కథ చెప్పుకునే గడ్డపైనే నేడు తోట బావులు పూడి, బోర్లు పోటీపడి లోతుకు దిగుతున్నాయి.

నీరు తక్కువున్న చోట తడి గుడ్డే కూలరు. పూర్వం కలిగిన ఇళ్లలో వట్టివేరు తడకలు కట్టి నీళ్లు చల్లేవారు. కిటికీకి గోనెపట్టా కట్టి సాయంత్రం రెండు చెంబులు చల్లినా గది తేడా తెలుస్తుంది. గదికి అవతలి వైపు గాలి బయటకు పోయే దారి ఉండాలి, లేకుంటే చెమ్మ పేరుకుని ఉక్క పెరుగుతుంది. ఇదే కారణంగా ఈశాన్య రుతుపవనాల కాలంలో కూలరు ఎందుకూ కొరగాదు.

మరో హెచ్చరిక అవసరం. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి శరీరాన్ని చల్లబరచకపోగా మరింత వేడెక్కించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేకుల ఇంట్లో మధ్యాహ్నం ఆ స్థాయి మామూలే. ఆ వేళ వృద్ధులను, పసివారిని ఫ్యాను కింద పడుకోబెట్టి భద్రంగా ఉన్నారనుకోవడం పొరపాటు. చెట్టు నీడకు చేర్చి ఒంటిపై తడి గుడ్డ వేయడం, తరచూ నీరు, మజ్జిగ పట్టడం శ్రేయస్కరం. మామిడి తోటలో నీడకు కరువు లేదు కదా.

ధనుర్మాసపు చలికి కుంపటి ముప్పు

చలి విషయం కొంత తేలికైనదే. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె ప్రాంతాలు సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల ఎత్తున ఉన్నాయి. ధనుర్మాసంలో అక్కడి తోట ఇళ్లలో తెల్లవారుజామున వణుకు పుడుతుంది. ఎండను తప్పించుకునేందుకు 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్‌లీ 4 వేల అడుగులకు పైగా ఎత్తున్న ఏనుగు మల్లమ్మ కొండపై బంగ్లా కట్టుకున్నాడు. ఆ కొండ ఇప్పుడు ఆయన పేరుతోనే హార్స్‌లీ హిల్స్‌గా ప్రసిద్ధి. దొరలకు కొండ ఉంది, కూలీకి రేకే ఉంది.

లద్దాఖ్‌లో లేహ్ సమీపాన ఉన్న సెక్‌మోల్ విద్యాకేంద్రం గ్రిడ్‌పై ఆధారపడకుండా కట్టిన ఆవాసం. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలు దిగువకు జారే చలిలో, దక్షిణ ముఖంగా అమర్చిన అద్దాలూ మందపాటి మట్టి గోడలే ఆ గదులను వెచ్చగా ఉంచుతున్నాయి. అంత ఏర్పాటు చిత్తూరు జిల్లాకు అక్కరలేదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. దక్షిణ కిటికీ పగలు తెరిచి ఎండ పడనిచ్చి, సాయంత్రం ఐదింటికే మూస్తే చాలావరకు సరిపోతుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి రెండడుగుల సజ్జా అదే కిటికీని నీడలో ఉంచుతుంది.

ప్రమాదమంతా కుంపటితోనే. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చూరులో సందులుండే పూరిల్లు కొంత నయం. కొత్త స్లాబు గదిలో ఆ సందులుండవు. పాత అలవాటు కొత్త గదిలో ప్రాణాంతకమవుతోందన్న సంగతి ఇంటింటికీ తెలియాలి.

స్నానాల నీళ్లకు బ్యాటరీ కరెంటుతో హీటరు వాడటమంత దండుగ మరొకటి లేదు. ఒక బకెట్ నీటిని 20 డిగ్రీల మేర వేడి చేసేందుకు అర యూనిట్ కావాలి. బ్యాటరీలో వాడదగ్గ విద్యుత్తులో అది సగానికి పైగా. నల్ల రంగు వేసిన డ్రమ్మును అద్దం బిగించిన పెట్టెలో ఉంచి ఎండకు పెడితే సాయంత్రానికి నీరు కాగుతుంది.

ఎండ వేడిని నేరుగా వాడుకోవడం జిల్లాకు కొత్త కాదు. తిరుమలలో 2002లో 106 డిష్‌లతో ఏర్పాటైన సౌర ఆవిరి వంటశాల రోజుకు 15 వేల మందికి వండే సామర్థ్యంతో అప్పట్లో ప్రపంచంలోనే పెద్దదిగా పేరొందింది. ఆ దశాబ్దంలోనే పూర్వపు చిత్తూరు జిల్లాలోని బైసానివారిపల్లె అనే చిన్న ఊరు ఇంటింటికీ సౌర పొయ్యి అమర్చుకుని పొగలేని పల్లెగా దేశం దృష్టికి వచ్చింది. వంటకూ గది చల్లదనానికీ సంబంధమేమిటనిపించవచ్చు. ఒకే గది ఇంట్లో కట్టెల పొయ్యి వెలిగితే ఆ వేడి, పొగ పడుకునే చోటే మిగులుతాయి. వంటను వసారాలోకో ఆరుబయటికో మార్చడం వేసవిలో ఆ ఇంటికి దక్కే తొలి ఉపశమనం.

తోట ఇంటికి పథకమేదీ?

కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి కప్పుపై ఫలకాలకు కిలోవాట్‌కు రూ.30 వేలు, 3 కిలోవాట్లకు గరిష్ఠంగా రూ.78 వేల రాయితీ ఉంది. అది ప్రధానంగా గ్రిడ్‌కు అనుసంధానమైన ఇళ్లకు ఉద్దేశించినది. తీగే లేని తోట ఇంటికి ఆ తలుపు మూసినట్లే. ఇక్కడ మరో మెలిక ఉంది. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన ఫలకాలు, లైన్‌లో కరెంటు పోగానే తామూ ఆగిపోతాయి. మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌కు ఘాతం తగలకుండా చేసిన ఏర్పాటది. ఫలకముంటే కోత బాధ ఉండదనుకుని కొన్నవారు తీరా నిరాశ చెందుతున్నారు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్‌లో గ్రిడ్‌తో పనిలేని సౌర పంపుసెట్లకు చోటుంది, కానీ దాని దృష్టి బోరు మీద, మనిషి మీద కాదు.

కప్పు సంగతి మరీ అధ్వానం. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఇంటి కప్పు గుండా వేడి ఎంతకు మించి దిగరాదో చెప్పింది. ఏ పూతా, పొరా లేని నాలుగంగుళాల స్లాబు ఆ పరిమితికి మూడింతల వేడిని లోపలికి పంపుతుంది. అయితే ఆ నియమావళి 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లోని నివాస భవనాలకు ఉద్దేశించినది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి ముందడుగు వేసింది. అందులోనూ తప్పనిసరి నిబంధన 600 చదరపు గజాలు, ఆపై స్థలాల్లోని ఇళ్లకే. చిన్న ఇళ్లకు స్వచ్ఛందం. ఏసీ కొనగలిగిన వారి కప్పుకు చట్టం, కొనలేని వారి కప్పుకు సలహా అన్నమాట. 25 చదరపు మీటర్ల పేదింటికి గృహ పథకాల కింద బిల్లులు పునాది, గోడలు, స్లాబు దశలవారీగా మంజూరవుతాయి. స్లాబు పడ్డాక దానిపై రెండు పూతల తెల్ల సున్నానికి ఆ బిల్లులో చోటు కల్పిస్తే ఖజానాపై పడే భారం స్వల్పం.

రాయలసీమలోనే ఇందుకు నమూనా లేకపోలేదు. అనంతపురం పూర్వ జిల్లాలోని చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో బీడు నేలపై మొదలైన టింబక్టు కలెక్టివ్ ఆవాసంలో మట్టి, రాయి, పెంకులతో ఇళ్లు కట్టుకుని సౌర విద్యుత్తుతో నెట్టుకొస్తున్నారు. చిత్తూరు కన్నా అక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. అక్కడ ముందు చెట్టు, తర్వాత గోడ, ఆపైనే ఫలకం. జిల్లాలో అమ్మకాలు సాగుతున్న వరుస దీనికి తలకిందులు.

తోట ఇళ్లెన్ని ఉన్నాయో మండలాలవారీగా లెక్క తీయడం సచివాలయ సిబ్బందికి వారం రోజుల పని. వాటిలో లైన్ దగ్గరున్న వాటికి గృహ సర్వీసు, దూరమైన వాటికి ఒక ఫలకం, ఒక బ్యాటరీ, రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఇచ్చినా ఒక్కో ఇంటికి అయ్యేది నాలుగైదు స్తంభాలు పాతే ఖర్చుకు మించబోదని క్షేత్రస్థాయి సిబ్బందే అంటున్నారు. దానితోపాటు కప్పుకు సున్నమో, నీడ వలో ఇవ్వాలి. ఉద్యాన శాఖ కూరగాయల రైతుకు రాయితీపై ఇచ్చే నీడ వల వంటిదే ఇదీ. టమాటా నారుకు దొరుకుతున్న నీడ తోట కాపలాదారు పిల్లలకు ఏ శాఖ పరిధిలోకి వస్తుందో ముందుగా తేల్చాల్సి ఉంది.